ఎఫ్-ఈ-ఐ-జి-ఎన్: ఇది ఫీగ్నా, ఫెయినా? ప్రిటెండ్‌కీ దీనికీ తేడా ఏంది?

బైరాగిపట్టెడ బ్యాచిలర్ (రాత్రి 9:12)
అన్నలారా అక్కలారా, నేను తిరుపతిలో రూమ్ తీసుకోని బ్యాంక్ ఎగ్జామ్‌కి కోచింగ్ పోతా ఉండా. ఈపొద్దు మాక్ టెస్ట్‌లో ఒక బిట్ వచ్చింది, ఒకడు మీటింగ్ ఎగ్గొట్టడానికి ఒంట్లో బాగలేనట్టు నటించినాడు, ఖాళీలో ఏం రావాల అని. "హీ డాష్ ఇల్‌నెస్". నేను ప్రిటెండెడ్ పెట్టినా. తప్పంట. ఇంకో ఆప్షన్ కరెక్టంట, దాని స్పెల్లింగ్ పైన టైటిల్‌లో రాసినా చూడండి. సారేమో దాన్ని "ఫీగ్న్" అని చదివినాడు, రూముకొచ్చి ఫోన్‌లో నొక్కితే ఆ పిల్ల "ఫెయిన్" అంటా ఉండాది. ఎవురిది నిజం? తేడా ఏందని సార్‌ని అడిగితే "రెండూ ఒకటేరా, కీలో అట్ల ఉంది, రాసుకో" అన్నాడు. రెండూ ఒకటే అయితే నాకు మార్కు ఎందుకు కోసినట్టు?

బెంగుళూర మామిడి (రాత్రి 9:20)
ఫోన్‌లో పిల్ల చెప్పిందే నిజం తమ్ముడూ. కోచింగ్‌లో చెప్పేవాళ్ళు శానామంది పుస్తకంలో కండ్లతో చదివిన మాటలే గానీ చెవుల్తో విన్నవి కావు. నేను కూడా డిగ్రీ దాకా "డెబ్ట్" అని బి గట్టిగా పలికినోణ్ణే, చిత్తూరు మండీలో కాయలకి అడ్వాన్సు తీసుకున్నాక అప్పుని ఎట్ల పలికినా ఒకటేనని తెలిసొచ్చింది.

కామా ఫుల్‌స్టాప్ (రాత్రి 9:31)
పలకడం ఫెయిన్. రెయిన్, వెయిన్ లాగా. జి సైలెంట్.

ఇంక మార్కు సంగతి. ఆ బిట్‌లో ఖాళీ పక్కన "ఇల్‌నెస్" అని నేరుగా నామవాచకం వచ్చింది కదా, అక్కడే ఉంది కిటుకు. ఫెయిన్ పక్కన నామవాచకం కూర్చుంటుంది: ఫెయిన్ స్లీప్, ఫెయిన్ ఇల్‌నెస్, ఫెయిన్ ఇగ్నరెన్స్, ఫెయిన్ సర్‌ప్రైజ్. ప్రిటెండ్ పక్కన మామూలుగా "టు" గానీ "దట్" గానీ వస్తుంది: ప్రిటెండెడ్ టు బి ఇల్. ప్రిటెండెడ్ ఇల్‌నెస్ అన్నది పూర్తిగా తప్పు అని నేను అనను, పాత ఇంగ్లీషులో అట్లాంటివి ఉన్నాయి, కానీ ఇప్పటి చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, పరీక్ష పెట్టేవాళ్ళు పట్టుకునేది దాన్నే.

గుర్తు పెట్టుకోడానికి మా ట్యూషన్ పిల్లలకు నేను చెప్పేది ఒకటుంది. మన తెలుగులో "దొంగ" అని ముందు తగిలిస్తాం కదా, దొంగనిద్ర, దొంగజ్వరం, దొంగ ఏడుపు, అది ఫెయిన్. "నట్టు" అని వెనక తగిలిస్తాం కదా, నిద్రపోయినట్టు, జ్వరం వచ్చినట్టు, వినపడనట్టు, అది ప్రిటెండ్. తెలుగులో మనకి రెండు రకాలూ ఉన్నాయి, కాకపోతే ఒకటి ముందు ఒకటి వెనక.

బైరాగిపట్టెడ బ్యాచిలర్ (రాత్రి 9:35)
అక్కా నెలకి మూడు వేలు కట్టి పోతా ఉండా, ఈ ఒక్క ముక్క ఆడ ఎవురూ చెప్పలే 🙏

మన్ను తొక్కినోడు (రాత్రి 9:48)
దొంగజ్వరం అంటే గుర్తొచ్చింది, మా పలమనేరు హైస్కూల్లో లెక్కల పరీక్ష రోజు చంకలో ఉల్లిగడ్డ పెట్టుకోని పోయినోళ్ళు లైన్‌గా ఉండేవాళ్ళు. ఒళ్ళు కాలుతుందని ఎవుడు చెప్పినాడో ఏమో. కాలింది లేదు పాడూ లేదు, కంపు మాత్రం వచ్చింది. అయివారు దగ్గరికి రాంగానే "ఏమిరా సాంబారు వండుకోనొచ్చినావా" అన్నాడు.

నైట్ డ్యూటీ (రాత్రి 10:05)
ఉల్లిగడ్డ మా వార్డు దాకా వచ్చిందప్పా 😂 నేను నర్సుని, ఇట్లాంటి కేసులు వారానికి ఒకటన్నా ఉంటాయి. ఇంట్లో గొడవ పడి స్పృహ తప్పినట్టు పడిపోతారు, బంధువులంతా గోల. అప్పుడు మేం చేసేది ఒకటుంది, పడుకున్న మనిషి చెయ్యి ఎత్తి సరిగ్గా మొహం పైకి తెచ్చి వదిలేస్తాం. నిజంగా స్పృహ లేకపోతే అది వచ్చి మొహం మీదే పడుతుంది. నాటకం అయితే చెయ్యి పక్కకి జారి పడుతుంది, ఎవరి ముక్కు వాళ్ళు గుద్దుకోరు కదా. దీంతోనే తేల్చేస్తాం అనుకోవద్దు, మిగతా పరీక్షలన్నీ డాక్టర్ చేస్తాడు. ఇంకో సంగతి, చూసేవాళ్ళకి నాటకంలా కనిపించేవన్నీ నాటకాలు కావు, మనసులో బాధ ఒంటి మీదికొచ్చేవి కూడా ఉంటాయి, వాళ్ళని వెక్కిరిస్తే పాపం.

పని తప్పించుకోడానికి జబ్బు నటిస్తే దానికి మా పుస్తకాల్లో వేరే మాటుంది, మాలింగర్ అని. అది కూడా ఫెయిన్ చుట్టమేనా?

పాత అయివారు (రాత్రి 10:40)
ఆలస్యంగా చూశాను, భోజనం చేసి మిద్దె మీద పడుకుని టైప్ చేస్తున్నా, అక్షరాలు తప్పు పడితే సర్దుకోండి.

నర్సమ్మా, మాలింగర్ చుట్టం కాదు. అది ఫ్రెంచిలో మలంగ్ర్ అనే మాట నుంచి వచ్చింది, నలతగా ఉన్నవాడు అని అర్థం, ఇంగ్లీషులోకి 19వ శతాబ్దంలో సిపాయిల గురించి వాడుతూ వచ్చింది. కానీ మీ వార్డులోనే ఫెయిన్‌కి సొంత తోబుట్టువు ఉంది. ఫెయింట్! కళ్ళు తిరిగి పడిపోవడం. ఫ్రెంచిలో ఫెయింద్ర్ అంటే నటించడం, పనికి వెనకాడటం. దాని భూతకాల రూపమే ఫెయింట్. ముందు సోమరి, చేతకానివాడు, పిరికివాడు అని ఉండి, తరువాత నీరసపడ్డవాడు, ఆ తరువాత స్పృహ తప్పడం. కుస్తీలో, కత్తిసాములో ఒకవైపు కొట్టబోయినట్టు చేసి ఇంకోవైపు కొడతారే, ఆ ఫెయింట్ స్పెల్లింగ్ వేరు గానీ మూలం అదే. కాబట్టి మీ పేషెంటు ఫెయింటింగ్‌ని ఫెయిన్ చేస్తుంటే ఒకే ఇంటి ఆడపడుచులు ఇద్దరూ ఒకే మంచం మీద ఉన్నట్టు.

ఇంక అసలు మూలం. ఫ్రెంచి వెనక లాటిన్ ఉంది: ఫింగెరె. దీని మొదటి అర్థం నటించడం కానే కాదు. చేత్తో తడమడం, మన్ను పిసికి ఒక రూపం చేయడం. లాటిన్‌లో కుమ్మరిని ఫిగులుస్ అంటారు, ఈ ధాతువు నుంచే. మన్నుతో బొమ్మ చేసినట్టు మనసులో లేనిదాన్ని చేస్తే కల్పన, అది ఫిక్షన్. ఆకారం ఫిగర్. ఊరేగించి తగలబెట్టే దిష్టిబొమ్మ ఎఫిజీ. వట్టి ఊహ ఫిగ్మెంట్. ఆ కల్పించడమే అబద్ధంగా కల్పించడం అయ్యి 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో ఫెయిన్‌గా దిగింది. దిగినప్పుడు కవి కథ కట్టడాన్ని కూడా ఇదే మాటతో అనేవాళ్ళు, అప్పటికి దీనికి పూర్తి చెడ్డపేరు రాలేదు.

మన్ను తొక్కినోడు (రాత్రి 10:52)
అయివారూ నా ఐడీ చూసి చెప్పినారా ఏమి 😄 మాది పలమనేరే, మా తాత కుమ్మరి సారె తిప్పినోడు. ఇప్పటికీ మా పక్క మట్టి గుర్రాలు, కుండీలు, గోడకి తగిలించే బొమ్మలు చేస్తారు, బెంగుళూరు నుంచి కార్లేసుకోనొచ్చి కొనుక్కుపోతారు. నేను మాత్రం బెంగుళూర్లో కంప్యూటర్ ముందర కూర్చోని పని ఉన్నట్టు కనిపిస్తా ఉండా.

ఒకటి చెప్తా. మన్ను తొక్కేటప్పుడు అందులో రాయి ఉంటే కాలికి తెలిసిపోతుంది, చేతికన్నా కాలికే ముందు తెలుస్తుంది. అది తీయకుండా సారె మీదికి ఎక్కిస్తే కుండ లేచేటప్పుడు బాగానే లేస్తుంది, కుండలు కాల్చే ఆవంలో పెట్టినాక పగులుతుంది. మా తాత అబద్ధాలు చెప్పేవాణ్ణి "ఆవంలో తెలుస్తుంది లేరా" అనేవాడు. ఇన్నేండ్లు అది ఊరికే అంటాడనుకుంటి.

అన్నీ మనవే (రాత్రి 11:03)
ఇదంతా ఎందుకు సార్. సంస్కృతంలో దిహ్ ధాతువు ఉంది, పూయడం, మెత్తడం, దాన్నుంచి దేహం. అదే యూరప్‌కి పోయి ఫింగెరె అయింది. అన్ని భాషలకీ తల్లి సంస్కృతమే, వాళ్ళు మన దగ్గర ఎత్తుకుపోయి మళ్ళీ మనకే అమ్ముతా ఉండారు.

పాత అయివారు (రాత్రి 11:21)
నాయనా, నువ్వు చెప్పినదాంట్లో మొదటి సగం బంగారం. దేహం, ఫెయిన్ చుట్టాలే. సంస్కృత ధాతువుల పట్టిక ధాతుపాఠంలో "దిహ ఉపచయే" అని ఉంటుంది, మెత్తడం, పోగవడం. రెండో సగమే సరిగా లేదు. అవి తల్లీబిడ్డలు కాదు, అక్కచెల్లెళ్ళు. ఇద్దరికీ తల్లి ఇంకా పాత భాష ఒకటి, దాని రాతలు ఏవీ మిగల్లేదు. ఈ మాట 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ అన్నాడు, అప్పటి నుంచి పండితులు దాన్ని మెరుగుపెడుతూనే ఉన్నారు.

ఒక చిన్న రుజువు చెప్తాను చూడు. సంస్కృతంలో మాట మొదట్లో "ధ" ఉన్నచోట లాటిన్‌లో "ఫ" వస్తుంది. ధూమం, అక్కడ ఫ్యూముస్, ఇంగ్లీషులో ఫ్యూమ్. ఇంగ్లీషు సొంత మాటల్లో అయితే అదే "డ" అవుతుంది, అందుకే పిండి ముద్ద డో. అదీ ఈ ఇంటిదే, పిసికేది కదా. మరి దేహంలో "ద"కి ఒత్తు ఏది అని అడగాలి నువ్వు, అడగలేదు, నేనే చెప్తా. ఒకే మాటలో దగ్గర దగ్గరగా రెండు ఒత్తులు పడితే సంస్కృతం మొదటిదాన్ని వదిలేస్తుంది. దేహంలో ఆ రెండో ఒత్తు హ. ధధాతి అనాల్సింది దధాతి అంటాం చూడు, అట్లా. 1863లో గ్రాస్‌మన్ అనే జర్మన్ పండితుడు దీన్ని సూత్రంగా రాశాడు. సంస్కృతమే తల్లి అయితే, ఇక్కడ పోయిన ఒత్తు లాటిన్ దాకా ఎట్లా పోయి ఫ అయింది?

ఇంకో మాట, మన తెలుగే సంస్కృతం బిడ్డ కాదని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర చూపించాడు. అన్నిటికీ తల్లి అంటే ముందు మన ఇంట్లోనే ఒప్పుకోరు.

అన్నీ మనవే (రాత్రి 11:25)
దొరలు చెప్తేనే నమ్ముతారు మీరు. సరే ఆ ఒత్తు సంగతి నేను కనుక్కుంటా.

బెంగుళూర మామిడి (రాత్రి 11:27)
"కనుక్కుంటా" అన్నది ఫెయినా, ప్రిటెండా 😂

మదనపల్లె టమోటా (రాత్రి 11:44)
అస్సలామ్ అందరికీ. అయివారూ, డో అన్నారు కాబట్టి నేనొకటి కలుపుతా, కాలేజీలో ఇంగ్లీష్ లిటరేచర్ చదివిన పాపానికి. లేడీ అనే మాట ఉంది కదా, అది పాత ఇంగ్లీషులో రొట్టె పిండి పిసికే ఆమె అని. అందులో వెనక సగం ఈ డో ఇంటిదే. ఇంకా బాగుండేది పారడైజ్. పాత ఇరానీ మాట, చుట్టూ కట్టిన గోడ అని అర్థం, ఆ గోడ మన్ను మెత్తి కట్టినదే కదా. గోడ లోపల తోట. అదే గ్రీకుల మీదుగా ఇంగ్లీషుకి పోయింది, ఇంకో దారిలో మాకు ఫిర్దౌస్ అయ్యింది. మా పిన్ని పేరు ఫిర్దౌస్! పొద్దున లేస్తూనే ఫోన్ చేసి నువ్వు మట్టిగోడవే అని చెప్తా, తిట్లు ఖాయం.

పాత అయివారు (రాత్రి 11:58)
బాగా చెప్పావమ్మా. నాకు లేడీ గుర్తు రాలేదు.

సంస్కృతం వైపు ఇంకొకటి చెప్పి పడుకుంటా. ఆ దిహ్‌కి ముందు "సమ్" చేర్చితే సందేహం. గీతలు కనపడకుండా పూత పూసేస్తే ఏది ఏదో తేలదు, అదీ సందేహం. సందిగ్ధం కూడా అదే. పాపం ఆ బ్యాచిలర్ అబ్బాయి ఫెయిన్ మీద సందేహం అని వచ్చాడు, ఆ సందేహమే ఫెయిన్‌కి పెద్దమ్మ కూతురు.

బైరాగిపట్టెడ బ్యాచిలర్ (ఉదయం 6:50)
నేను పండుకోని లేచేసరికి ఇంత జరిగిందా. మళ్ళీ ఒక సందేహం (పెద్దమ్మ కూతురు). మాట మట్టి నుంచి వచ్చింది సరే, ఆ జి ఎందుకు పెట్టినారు పలకనప్పుడు?

కామా ఫుల్‌స్టాప్ (ఉదయం 7:30)
పిల్లల డబ్బాలు కడుతూ రాస్తున్నా. ఫ్రెంచిలో జి, ఎన్ కలిపి రాస్తే అది గ కాదు, మన ఞ. షాంపేన్ స్పెల్లింగ్‌లో కూడా జి ఉంది, ఎవరైనా షాంపేగ్న్ అంటారా? ఫెయింద్ర్ రూపాల్లో కొన్నిటికి ఆ ఞ ఉండేది. ఇంగ్లీషువాళ్ళు మొదట్లో జి లేకుండా కూడా రాసేవాళ్ళు, తరువాత ఫ్రెంచి రాత చూసి జి పెట్టుకున్నారు, ఞ పలకడం మాత్రం రాలేదు.

ఇది కనీసం వంశం ఉన్న జి. ఫారిన్, సావరిన్ స్పెల్లింగుల్లో ఉండే జి వట్టి దొంగ జి, వాటి లాటిన్ మూలంలో జి లేనే లేదు. రాజ్యమేలడం అనే రెయిన్‌లో చూసి వీటికీ తగిలించేశారు.

మన్ను తొక్కినోడు (ఉదయం 7:41)
అంటే ఫారిన్‌లో జి నేనూ ఉన్నానని ఫెయిన్ చేస్తా ఉండాది. మా ఆఫీసులో మేనేజర్ మాదిరి.

నైట్ డ్యూటీ (ఉదయం 8:15)
డ్యూటీ దిగి బస్సులో ఉండా. ఫెయింట్ సంగతి మా డాక్టరమ్మకి చెప్పినా, నిజమా అని రెండుసార్లు అడిగింది.

అది సరే, మన తిరుపతి గంగమ్మ జాతర వేషాలు దేంట్లోకి వస్తాయి? మా ఆయన ఏటా బండ వేషం వేస్తాడు, ఒళ్ళంతా కుంకుమ. వేషాలేయొద్దురా అని పిల్లల్ని తిడతాం, అదే వేషం అమ్మవారికైతే మొక్కు. ఇంగ్లీషులో చెప్పాలంటే ఫెయిన్ అనాలా?

బెంగుళూర మామిడి (ఉదయం 8:40)
నా లెక్కలో అనకూడదక్కా. ఫెయిన్ అంటే ఎదుటోడు నమ్మాల. మీ ఆయన బండ వేషం వేస్తే వీధిలో ఎవురన్నా మోసపోతారా, "ఏమన్నా బాగుండావా" అని పేరు పెట్టి పిలుస్తారు గదా. మోసం లేనప్పుడు అది ఫెయిన్ ఎట్లయితాది.

పాత అయివారు (ఉదయం 9:10)
మామిడి నాయుడు చెప్పింది న్యాయమే, కానీ కథలోకి పోతే ఇంకో మడత ఉంది. ఆడబిడ్డల్ని బతకనీయని పాలెగాడు గంగమ్మ మీద చెయ్యేశాడు, ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికే ఆమె బైరాగి, బండ, తోటి అని రోజుకొక వేషం వేసింది. దొర వేషంలో వచ్చినప్పుడు దొరే వచ్చాడనుకుని వాడు బయటపడ్డాడు, తల తెగింది. అంటే అమ్మవారు వేసింది నిఖార్సయిన ఫెయిన్, వాడు నమ్మాలి, నమ్మాడు. మనం వేసేది ఆ ఫెయిన్‌కి జ్ఞాపకం.

ఇంకా చూడండి. బైరాగికి నామంకొమ్ము, బండకి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకి గంధం, ఏ వేషమైనా పూయడంతోనే మొదలు. దేహానికి పూత, రెండూ దిహ్! చివరి తెల్లారుజామున బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం చేసి, ఆ మట్టి రూపం చెంప పెళ్ళగించి తీశాక ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఏనాడో ఆ ఫిగులుస్ చేసిన పనే తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర ఇప్పటికీ జరుగుతోంది. చుట్టరికం మాటలకే లెండి, జాతరకి లాటిన్‌తో ఏ సంబంధమూ లేదు, అన్నీ మనవే గారు మళ్ళీ లేస్తారని ముందే చెప్తున్నా.

అన్నీ మనవే (ఉదయం 9:22)
నేనేం అనలేదు. జాతర మాత్రం మనదే.

కామా ఫుల్‌స్టాప్ (ఉదయం 9:25)
అందులో సందేహం లేదు 😄

మదనపల్లె టమోటా (ఉదయం 9:50)
ప్రిటెండ్‌ని ఎవరూ పట్టించుకోలేదు పాపం. దాని పుట్టుక పూర్తిగా వేరు. లాటిన్‌లో ప్రే అంటే ముందర, టెండెరె అంటే సాగదీయడం. ముందరికి చాచి పెట్టడం. కాబట్టి ఇంగ్లీషులో పాత అర్థం నాకు హక్కుంది అని ముందుకు రావడం. అందుకే ఇంగ్లండ్ చరిత్రలో ప్రిటెండర్ అంటే నటుడు కాదు, సింహాసనం నాదే అన్నవాడు. 1688లో గద్దె పోగొట్టుకున్న రెండో జేమ్స్ కొడుకుని ఓల్డ్ ప్రిటెండర్, మనవణ్ణి యంగ్ ప్రిటెండర్ అనేవాళ్ళు. ఆ మనవడు 1745లో దండెత్తి, మరుసటి ఏడాది కల్లోడెన్‌లో ఓడిపోయాడు. ఫ్రెంచిలో ఇప్పటికీ ప్రెతాంద్ర్ అంటే నాదీ అని వాదించడమే, నటించడం కాదు. డిగ్రీలో ఇది తెలీక ఫ్రెంచి పేపర్లో మార్కులు పోగొట్టుకున్నా.

పాత అయివారు (ఉదయం 10:30)
దీనికీ మన వైపు చుట్టాలు ఉన్నారు. సాగదీయడం సంస్కృతంలో తన్. తంతి, తంతువు, వితానం, సంతానం, తంత్రం అన్నీ అందులోవే. టెండెరె నుంచి టెంటు వచ్చింది, తన్ నుంచి వితానం వచ్చింది, రెండూ మనిషి నెత్తి మీద సాగదీసి కట్టిన గుడ్డే.

నాకు తోచింది చెప్తా, పుస్తకంలో రాసింది కాదు. ప్రిటెండ్ చేసేవాడు ముందర ఒక తెర పట్టుకుంటాడు, వెనక ఏముందో కనపడకుండా. ఫెయిన్ చేసేవాడు లేనిదాన్ని పిసికి చేస్తాడు, జ్వరమో నిద్రో ఏడుపో, ఒక వస్తువు చేసి నీ చేతిలో పెడతాడు. అందుకే కామా ఫుల్‌స్టాప్ అమ్మాయి చెప్పినట్టు ఫెయిన్ పక్కన వస్తువు పేరు ఉండాలి. దొంగనిద్ర అన్నప్పుడు మనం కూడా అదొక చేసిన వస్తువు అన్నట్టే అంటాం.

బెంగుళూర మామిడి (ఉదయం 10:44)
అయివారూ ఇది మీరు క్లాసులో చెప్పుంటే నేను మామిడికాయలు అమ్ముకోకుండా ఉందును. (ఊరికే అంటా ఉండా, కాయల్లో బాగానే ఉండాది.)

బైరాగిపట్టెడ బ్యాచిలర్ (రాత్రి 8:05)
అప్‌డేట్. ఈపొద్దు క్లాసుకి పోతే సార్ బోర్డు మీద ఆ మాట పెద్దగా రాసి "ఇది ఫెయిన్. నిన్న నేను కావాలనే తప్పు చదివినా, మీలో ఎవురన్నా పట్టుకుంటారేమో చూద్దామని" అన్నాడు. మార్కు గురించి మళ్ళీ అడిగితే, దొంగజ్వరం ఉదాహరణ సార్ నోటనుంచే వచ్చింది, అక్క చెప్పింది చెప్పినట్టు! ఈ థ్రెడ్ చదివినాడని నాకు డౌటు.

కామా ఫుల్‌స్టాప్ (రాత్రి 8:09)
అయ్యో. మీరందరూ ఏమన్నారు?

బైరాగిపట్టెడ బ్యాచిలర్ (రాత్రి 8:11)
ఏమంటాం అక్కా, నలభై మందిమీ నమ్మినట్టు తలకాయలు ఊపినాం. సార్ ఈడ ఉంటే, సార్, నిజంగానే నమ్మినాం సార్.

నైట్ డ్యూటీ (రాత్రి 8:30)
చెయ్యి ఎత్తి వదిలి చూడాల్సింది 😂